కాలితొడుగు మెత్త: జలాంతర్గామి పాదరక్షకు టీకా తాత్పర్యం

అవతారిక

జలాంతర్గామి నావికుడి పాదరక్ష ఈ పద్యానికి విషయం. కవాతులో నిలబడే నావికుడికి తోలు బూటు, దాని మెరుపు, నేలను మోగించే గట్టి మడమ మర్యాద చిహ్నాలు. నీటి అడుగున ఆ మూడూ దోషాలే. అందుకే చాలా దేశాల దళాల్లో, రేవులో బూట్లు కట్టుకొని పడవెక్కిన మనిషి పైమూత బిగిశాక చెప్పుల్లోకో, బట్టజోళ్లలోకో, రబ్బరు సోలున్న ఆటల బూట్లలోకో మారుతూ వచ్చాడు. మూలం లేనిదే వ్యాఖ్యానం నిలవదు కనుక, ఆ మార్పు వెనకనున్న నియమాలను కూర్చి ఒక ఆటవెలదిని ఈ సందర్భానికే కట్టడమైనది.

మూలం

కడలి లోని నావ కాలితొడుగు మెత్త
పట్టు వీడరాదు పలుకరాదు
నిప్పు రాల్పరాదు నిద్దుర లేచిన
క్షణము చాలవలయు కాలికెక్క

ప్రతిపదార్థం

కడలి లోని నావ = సముద్రం లోపల తిరిగే ఓడ, అనగా జలాంతర్గామి; కాలితొడుగు = కాలికి తొడిగేది; మెత్త = మెత్తనిది; పట్టు = నేల మీద పట్టును; వీడరాదు = విడవకూడదు; పలుకరాదు = చప్పుడు చేయకూడదు; నిప్పు = నిప్పురవ్వను; రాల్పరాదు = రాల్చకూడదు; నిద్దుర లేచిన = మేలుకొన్న; క్షణము = ఒక్క క్షణం; కాలికెక్క = కాలికి ఎక్కడానికి; చాలవలయు = సరిపోవాలి.

తాత్పర్యం

జలాంతర్గామిలో తొడిగే జోడు మెత్తగా ఉండాలి, జారకూడదు, మోగకూడదు, రవ్వ పుట్టించకూడదు, అలారం మోగితే చూసుకోకుండా తొడుక్కునేలా ఉండాలి. ఈ లక్షణాలు ఒకదానితో ఒకటి పొసగవు. మెత్తనిది అన్నివేళలా గట్టిగా పట్టదు, గట్టిగా పట్టేది త్వరగా ఎక్కదు. కాబట్టి అన్ని నియమాలూ పాటించే జోడు లోకంలో లేదు. ఒక్కో నౌకాదళం ఒక్కో పాదాన్ని పట్టుకొని, మిగిలినవాటితో సర్దుకుంది.

పూర్వపక్షం

మెత్తదనమూ మౌనమూ మాత్రమే కావలసినవైతే వట్టి కాళ్లకు మించినదేముంది, అసలు తొడుగెందుకు అని ఆక్షేపణ. అది నిలవదు. డీజిల్ ఇంజన్ల గదిలో నేలపలకలు కాలుతుంటాయి, నూనెతో జిడ్డోడుతుంటాయి. బ్యాటరీల్లో గంధకామ్లం ఉంటుంది, దాని చుక్క చర్మాన్ని వదలదు. విద్యుత్ పలకల ముందు కాలికీ ఇనుముకూ నడుమ ఏదో ఒక అడ్డు ఉండాలి. అన్నిటికీ మించి గడపలున్నాయి. ఒక కంపార్ట్‌మెంటు నుంచి మరొకదానికి వెళ్లే దారి తలుపు కాదు, ఉక్కు గోడలో గుండ్రటి కంత. విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో ప్రదర్శనకు నిలిపిన ఐఎన్ఎస్ కుర్సురాలో ఈ కంతల్ని చూడవచ్చు. సోవియట్ యూనియన్‌లో కట్టిన ఈ 91.3 మీటర్ల జలాంతర్గామి 1969 డిసెంబర్ 18న భారత నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించి, 2002లో మ్యూజియమైంది. ఒక కాలు వేసి, తల వంచి, రెండో కాలు లాక్కుంటే తప్ప ఆ కంతలు దాటలేరు. చీకట్లో పరుగున దాటేవాడి బొటనవేలికి తొడుగు అవసరమా అన్న ప్రశ్న అక్కడే తీరుతుంది.

"పలుకరాదు"

పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. ధ్వని గాలిలో సెకనుకు 340 మీటర్ల మేర పోతే సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది, దూరం వెళ్లినా అంత త్వరగా చావదు. జలాంతర్గామికి దాగడమే బలం. వెతికేవాడికి కళ్లు పనికిరావు, చెవి ఒక్కటే దిక్కు.

శంక: అడుగుల చప్పుడే వినబడితే, లోపల డెబ్బై మంది మాట్లాడుకునే మాటలు వినబడవా?

సమాధానం: రెండింటి దారులు వేరు. మాట గాలిలో పుడుతుంది. గాలి నుంచి ఉక్కులోకి దాటేచోట దానిలో దాదాపు అంతా వెనక్కి తిరుగుతుంది, ఎందుకంటే పలచని గాలి బరువైన ఉక్కును కదిలించలేదు. మడమ దెబ్బ అలా కాదు. అది ఉక్కులోనే పుట్టి నేలపలక, దూలం, పడవ పైతొడుగు మీదుగా నేరుగా నీటికి చేరుతుంది. మూసిన బిందె దగ్గర ఎంత మాట్లాడినా అది పలకదు, గరిటె తగిలితే ఇల్లంతా వినబడుతుంది. ఇంజన్లనూ పంపులనూ రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టేది ఇందుకే. నావికుడు కూడా పడవలో కదిలే యంత్రమే, అతని దిమ్మ కాలి కింద ఉంటుంది.

దెబ్బ స్వభావం కూడా గమనించాలి. సముద్రం నిశ్శబ్దమైన చోటు కాదు. తిమింగలాలు పాడతాయి, వెచ్చటి లోతు తక్కువ నీళ్లలో ఒక జాతి రొయ్యలు పంజాలతో చిటికెలు వేస్తూనే ఉంటాయి. వాటి మధ్య సన్నని హోరు కలిసిపోవచ్చు గాని, ఉక్కు మీద ఉక్కు తగిలిన టంగుమన్న చప్పుడును ఏ చేపకూ అంటగట్టలేరు. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్‌లో డిస్ట్రాయర్లు తరిమినప్పుడు జర్మన్ యు-బోట్లలో పనిలేని వారిని బెర్తుల్లో పడుకోబెట్టేవారు. కదలక తప్పనివారు మేజోళ్లతోనో, మెత్తటి బట్టజోళ్లతోనో కదిలేవారు. మూలంలో జోడు అనక తొడుగు అన్నది ఈ మేజోళ్లను కూడా కలుపుకోవడానికే.

"పట్టు వీడరాదు"

పట్టు రెండు చోట్ల కావాలి. మొదటిది పడవ వీపు. నీట తేలినప్పుడు తాళ్లు కట్టడానికి పైకెక్కేవారికి గుండ్రంగా ఒరిగిన, తడిసి పాచిపట్టిన నేల ఎదురవుతుంది. రెండోది లోపల. మునిగేటప్పుడూ తేలేటప్పుడూ నేల ఏటవాలు అవుతుంది, ఇంజను గదిలో నూనె ఉండనే ఉంది, పైకీ కిందికీ నిటారు నిచ్చెనలే దారి.

ఈ పట్టు కథలో ఒక కుక్క పాత్ర ఉంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రవాసి పాల్ స్పెర్రీ, మంచు మీద జారకుండా పరుగెత్తే తన కుక్క పాదాల్లోని సన్నని చీలికలు చూసి, రబ్బరు సోలు మీద అలాంటి గాట్లు కోశాడు. 1935లో అది పడవ జోడుగా అంగడికెక్కింది. 1939లో అమెరికా నౌకాదళం తన నావికుల కోసం వాటిని చేయించుకునే ఏర్పాటు చేసుకుంది. కిటుకు సులభం. నునుపు సోలుకూ తడి నేలకూ నడుమ నీటి పొర నిలిచిపోతుంది, గాటు దాన్ని పక్కకు తోసి రబ్బరును నేలకు తగలనిస్తుంది. మెత్తటి రబ్బరు పట్టునూ మౌనాన్నీ ఒకేసారి ఇవ్వడం ఈ శాస్త్రంలో అరుదైన అదృష్టం. అయితే నూనె రబ్బరును మెల్లగా తినేస్తుంది కనుక అది ఎల్లకాలపు అదృష్టం కాదు.

"నిప్పు రాల్పరాదు"

డీజిల్ జలాంతర్గామి నీటి కింద బ్యాటరీతో నడుస్తుంది. వందల కొద్దీ సీసపు సెల్స్ మనుషులు తిరిగే నేల కిందే ఉంటాయి. ఛార్జింగ్ చేసేటప్పుడు వాటి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో దాని పాలు 4 శాతానికి చేరిందంటే ఒక్క రవ్వ చాలు. అలాంటి నేల మీద ఇనుప నాడా కొట్టిన మడమకు, మేకులు తేలిన సోలుకు చోటు లేదు. ఈ నియమం జలాంతర్గామి కన్నా పాతది. తెరచాప ఓడల కాలంలోనే మందుగుండు గదిలోకి దిగేవారు బూట్లు విడిచి, ఊలు బట్టతో చేసిన మెత్తటి చెప్పులు వేసుకొనేవారు.

శంక: రబ్బరు విద్యుత్తును ఆపుతుంది కనుక నిప్పుకు అదే విరుగుడు కాదా?

సమాధానం: సగమే. రబ్బరు సోలు మనిషిని షాక్ నుంచి కాపాడుతుంది. కానీ నడకలో రాపిడికి ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తును నేలలోకి దిగనివ్వకుండా నిలవ కూడా చేస్తుంది. అది వేలికొస నుంచి రవ్వగా దూకవచ్చు. అందువల్ల షాక్‌ను ఆపేంత అడ్డుగానూ స్థిర విద్యుత్తును మెల్లగా కారనిచ్చేంత దారిగానూ ఉండే మధ్యరకపు సోలును పరిశ్రమల్లో తయారుచేస్తారు. రాల్పరాదు అన్న ఒక్క మాటలో ఈ ఇరకాటమంతా ఇమిడి ఉంది.

ఇదే పాదం కింద మంటను కూడా చెప్పుకోవాలి. చౌక ప్లాస్టిక్ చెప్పు మౌనానికి మంచిదే గాని, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మూసిన పడవలో అగ్నిప్రమాదం వస్తే బయటికి పరుగెత్తే దారి లేదు, ఆర్పడమొక్కటే మార్గం. మంట ఆర్పేవాడికి మాత్రం బూటే శరణ్యం.

"నిద్దుర లేచిన క్షణము"

జలాంతర్గామిలో పగలూ రాత్రీ గడియారంలోనే ఉంటాయి. అమెరికా అణు జలాంతర్గాముల్లో దశాబ్దాల పాటు ఆరు గంటల కాపలా, పన్నెండు గంటల విరామంతో పద్దెనిమిది గంటలకే ఒక రోజు గడిచేది. విరామంలో సగం శిక్షణకూ మరమ్మతులకూ పోయేది. నిద్ర ఎప్పుడు పట్టినా అలారం ఎప్పుడైనా మోగవచ్చు. ఎర్రదీపాల మసక వెలుతురులో, మూడంతస్తుల బెర్తుల నడుమ సందులో వంగి లేసులు కట్టేవాడు తన వెనక వాళ్లందరినీ ఆపినవాడవుతాడు.

లేసు లేనిది వదులుగా ఉంటుంది, వదులు జోడు నిచ్చెన మీద జారిపోతుంది. వెనక పట్టీ ఉన్న చెప్పు ఈ రెంటికీ రాజీ: వేళ్లు దూర్చి అడుగేయవచ్చు, తీరిక దొరికాక పట్టీ బిగించవచ్చు. విడిచిన జోడుకూ ఈ క్షణం వర్తిస్తుంది. పడవ ముక్కు కిందికి వంగితే నేల మీద వదిలిన చెప్పులు యజమానిని వదిలి ముందుకు ప్రయాణిస్తాయి, దారిలో చప్పుడు కూడా చేస్తాయి. కనుక వాటికి బెర్తు పక్కన ఒక నిశ్చిత స్థానం ఉండాలి.

పాఠాంతరాలు

మెత్త అన్న మాటకు వాతావరణాన్ని బట్టి అర్థం మారింది. పసిఫిక్‌లో పోరాడిన అమెరికా జలాంతర్గాముల్లో, మౌనం కోసం ఫ్యాన్లూ ఏసీ ఆపినప్పుడు లోపలి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దాటేది. అక్కడి నావికులు నిక్కర్లతో, తోలు శాండల్స్‌తో తిరిగేవారు. అది గాలికి పెద్దపీట వేసిన పాఠం. ఉత్తర సముద్రాల చలిలో తిరిగిన బ్రిటిష్ నావికులు ఊలు మేజోళ్ల మీద పొడవాటి సముద్రపు బూట్లు తొడిగేవారు. అది వెచ్చదనపు పాఠం. సోవియట్, రష్యా అణు జలాంతర్గాముల్లో స్థిరపడినది చిల్లులు పొడిచిన తోలు చెప్పు. నీలిరంగు పని దుస్తులతో పాటు అదీ అక్కడి జలాంతర్గామి వాడికి గుర్తు. గాలీ మౌనమూ త్వరా దానిలో కుదిరాయి, వేళ్లకు రక్షణ మాత్రం తగ్గింది. అమెరికా అణు జలాంతర్గాముల్లో ఆటల బూట్లు పరిపాటి. పట్టూ మౌనమూ దక్కాయి, లేసులు మిగిలాయి.

అనుక్తాంశాలు

పద్యం చెప్పక వదిలినవి మూడు. మొదటిది బరువు. రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా మార్క్ 14 టార్పిడో దాదాపు 1,500 కిలోలు. దాన్ని లోపలికి దించే వేళ చెప్పు పనికిరాదు, ఉక్కు ముక్కున్న బూటే కావాలి. రెండోది గాలి. మూసిన పడవలో అదే గాలిని నెలల తరబడి శుద్ధిచేసి పీల్చుకోవాలి కనుక రంగులు, జిగుర్లు, స్ప్రే డబ్బాలపై ఆంక్షలుంటాయి. టర్పెంటైన్ వంటి ద్రావకాలతో చేసే బూటు పాలిష్ కూడా అదే కోవలోది. మూడోది చర్మం. నీటి పొదుపు, చెమట, అందరూ వాడే స్నానాల గది కలిస్తే వేళ్ల సందుల్లో తామర ఖాయం. అందుకే స్నానానికి వేరే రబ్బరు చెప్పులు. ఇలా నాలుగు పాదాల పద్యం రెండు పాదాల మనిషికి చివరకు మూడు జతలు అంటగడుతుంది. వాటిని దాచుకోవడానికి అతనికున్నది బెర్తు కిందో పక్కనో ఒక చిన్న అర.

ఛందోవిశేషం

ఇది ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు. "కడలి"కి "కాలి", "పట్టు"కు "పలుక", "నిప్పు"కు "నిద్దుర", "క్షణము"కు "కాలి" యతి. మూడుసార్లు వచ్చిన "రాదు" పునరుక్తి దోషం కాదు. పాదరక్ష ఏం చేయాలన్నది పద్యంలో రెండు మాటలకు మించి లేదు, ఏం చేయకూడదన్నదే ఎక్కువ. ఆ లెక్క జలాంతర్గామి స్వభావానికి తగినదే.

ఫలశ్రుతి

దీనిని శ్రద్ధగా చదివిన సరఫరా అధికారి ఇండెంటులో బూట్లతో పాటు చెప్పులు కూడా రాస్తాడు. చదివిన నావికుడు చెప్పులు విడిచినచోటు మరవడు. చదివిన కెప్టెన్ పాలిష్ గురించి రేవు చేరేదాకా అడగడు.