షెడ్యూల్ ఒకటిలో ఉద్యోగం

ఉత్తరాంధ్ర ఆఫీసుల్లో ఇప్పుడు ఫైళ్లు లేవు, లాగిన్లున్నాయి. వెనకటికి ఫైలు ఎవరి బల్ల మీద పడుకుందో కళ్లారా చూసి, పక్కన నిలబడి సణిగే సదుపాయమైనా ఉండేది. ఇప్పుడు "నా లాగిన్‌లో లేదండీ" అంటే చాలు, శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా అడిగినవాడు దణ్ణం పెట్టి బస్సెక్కాల్సిందే.

పనిచేసేవాడి బతుకూ అలాగే ఉంది. ఫోనుకి మొహం చూపిస్తేనే హాజరు. ఫోనుకి మన మొహం దొరికేసరికి సిగ్నల్ పోతుంది, సిగ్నల్ దొరికేసరికి మొహం మాడిపోతుంది. సోమవారం గ్రీవెన్సు. మంగళవారం నుంచి శనివారం దాకా ఆ గ్రీవెన్సు మీద వీడియో కాన్ఫరెన్సులు (వీసీలు), టెలికాన్ఫరెన్సులు, వాట్సాప్ గ్రూపులో ఎర్ర అక్షరాల మెసేజీలు. గడువు దాటిన అర్జీ పరువు తక్కువ కాబట్టి గడువులోగా దాన్ని మూసెయ్యాలి. సమస్య తీర్చడం వేరు, అర్జీ మూసెయ్యడం వేరు. మొదటిదానికి కాలవ తవ్వాలి, రెండోదానికి కాలవ పక్కన నిలబడి ఫొటో దిగితే చాలు.

ఇలాంటి ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేసే అవుట్‌సోర్సింగ్ కుర్రాడు మొన్న నన్ను టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"గురువుగారూ, బుర్ర ఏడెక్కిపోతంది. నానో తాబేల్ని పెంచుకుంతాను. మా మావకి పొలం గట్టున దొరికినాది, ఈపు మీద సుక్కలు సుక్కలుగా ఎంత బాగుందో! అది మెమో ఇవ్వదు, గ్రూపులో మెసేజీ పెట్టదు. కాళ్లు, తల లోపలికి లాక్కుని ఊరుకుంతాది. నాకూ అదే కావాల."

"ఆపు నాయనా, జైలుకెళ్తావు" అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ చుక్కలది నక్షత్ర తాబేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చాలాకాలం నాలుగో షెడ్యూల్లో చిన్న ఉద్యోగిలా పడి ఉండేది. 2022లో చట్టం సవరించినప్పుడు రెండు, మూడు మెట్లు తొక్కకుండా, డిపార్ట్‌మెంటల్ పరీక్ష ఒక్కటీ రాయకుండా, నేరుగా పులి సరసన ఒకటో షెడ్యూల్లో కూర్చుంది. అంతకుముందే 2019లో అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కూడా దీన్ని మొదటి అనుబంధంలో చేర్చింది. ఇప్పుడు దాన్ని పట్టుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. కాపాడి తెచ్చుకున్నానన్నా సరే, ఇంట్లో పెట్టుకోవడం నేరమే.

"అయితే దానికి పర్మినెంటేనేటండి?" అన్నాడు వాడు, టీ గ్లాసు కింద పెట్టేసి.

పర్మినెంటే. దశాబ్దాలు బతుకుతుంది, మన సర్కారీ ఉద్యోగుల్లా అరవై రెండేళ్లకి దిగిపోవాలన్న బెంగ లేదు. ఎండలు ముదిరితే కదలకుండా ఓ మూల పడి ఉంటుంది, ఎవరూ సీఎల్ అడగరు. మన కుర్రాడికి ఏటేటా రెన్యువల్, జీతం ఎప్పుడు పడితే అప్పుడు, ఏజెన్సీ ఒక బాసు, ఆఫీసు ఇంకో బాసు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడిలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు కాబట్టి ఆ గుడికి తూర్పున ఒకటి, పడమరన ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. అక్కడ రెండుండడం విశేషం, వీడికి ఇద్దరు బాసులుండడం సర్వీస్ కండిషన్.

వాడి సూపరింటెండెంటుగారి వేలికి తాబేలు ఉంగరం ఉందట, బల్ల మీద నీళ్ల పళ్లెంలో ఇత్తడి తాబేలు కూడా. వాస్తు. ఆ రెండిటినీ ఏ చట్టమూ అడ్డుకోదు, ఎవరి ఉద్యోగాన్నీ అవి కాపాడిన దాఖలా కూడా లేదు. అసలు తంటా తాబేలుంటే కలిసొస్తుందనే ఈ నమ్మకంతోనే. ఇంట్లో ఉంటే లక్ష్మి అని కొనేవాడున్నాడు కాబట్టే వందలకొద్దీ నక్షత్ర తాబేళ్లను సంచుల్లో కుక్కి, విమానాల్లో సూట్‌కేసుల్లో సర్ది దేశం దాటిస్తున్నారు. పట్టుబడ్డవాటిదీ కష్టమే. ఏ అడవిలో పుట్టిందో తెలియనిదాన్ని ఎక్కడ వదలాలి? నేటివిటీ సర్టిఫికెట్ లేని కేసు మన దగ్గర ఎన్నేళ్లు నలుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

నిజంగా తాబేలు దగ్గర ఓదార్పు కావాలనుకుంటే శ్రీకాకుళం జిల్లావాళ్లంత అదృష్టవంతులు లేరు. గార మండలంలో శ్రీకూర్మం ఉంది, విష్ణువుని కూర్మ రూపంలో కొలిచే అరుదైన గుడి. ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతాయి. పొలాల్లో, తోటల్లో దొరికినవాటిని జనం స్వామివారివని తెచ్చి అప్పగించడం ఇక్కడ పాత అలవాటు. భక్తులు ఆకుకూరలు పెడతారు. అయితే దేవుడి రూపమని చెంపలు వేసుకున్నంత మాత్రాన వాటి కడుపు నిండదు, రోగం నయం కాదు. పులిహోర మన ప్రసాదం, వాటి మేత కాదు. పశువైద్యుడు కావాలి, నీడ కావాలి, మట్టినేల కావాలి. ఇవి హుండీ లెక్కంత శ్రద్ధగా చూడాల్సినవి.

గుడికెళ్లే ఓపిక లేకపోతే సముద్రం ఉంది. చలికాలం చివర్లో ఈ తీరానికి రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఒక్కోటి గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. ఫొటో అప్‌లోడ్ లేదు, యాక్షన్ టేకెన్ రిపోర్టు లేదు. అయినా ఏడెనిమిది వారాలకి పిల్లలు బయటికొస్తాయి. వీసీ పెట్టకుండా కూడా పని జరుగుతుందనడానికి జిల్లాలో నాకు తెలిసిన ఆధారం ఇదొక్కటే.

కుర్రాడు మావకి ఫోన్ చేసి, తాబేల్ని అటవీశాఖవాళ్లకి అప్పజెప్పమన్నాడు. మీకూ దొరికితే అదే చెయ్యండి, డబ్బిచ్చి మాత్రం కొనొద్దు. వాడి రెన్యువల్ ఫైలు మార్చి నుంచి కదల్లేదు. ఎవరి లాగిన్‌లో ఉందో వాళ్లు దయచేసి ఒక్క నొక్కు నొక్కండి.