లాగిన్ సంజీవని అను టీకా తాత్పర్యము

అవతారిక

టీక అవసరమయ్యే గ్రంథాలు రెండు రకాలు. అర్థం బరువెక్కి అందనివి కొన్ని, అర్థం ఎక్కడ దాచారో వెతికిపెట్టాల్సినవి కొన్ని. ఆన్‌లైన్ డిగ్రీలో చేరినవాళ్ళకు విశ్వవిద్యాలయాలు పంపే స్వాగత సందేశం ఈ రెండో కోవలో శిఖరాయమానం. ఎం.ఏ. తెలుగుకు ఫీజు కట్టిన మా మేనకోడలి ఫోనుకు అలాంటిదొకటి వచ్చింది. "మామయ్యా, బతుకంతా తెలుగు పాఠాలే చెప్పావుగా, నేనిప్పుడేం చెయ్యాలో ఇందులో ఎక్కడుందో చూపించు" అంటూ నాకు పంపింది. చూపించలేక టీక రాస్తున్నాను.

గ్రంథకర్త ఎవరు? పంపినవారి పేరు ఉండాల్సిన చోట 'నో రిప్లై' అని ఉంది. అడిగితే పలకడన్నమాట. కింద సంతకం లేదు, హోదా లేదు, ఊరు లేదు. మీమాంసకులు వేదాన్ని అపౌరుషేయమన్నారు. మనిషి చేసింది కాదు గనక మనుషులు చేసే తప్పులు అందులో ఉండవని వాళ్ళ వాదం. ఈ సందేశానికి ఆ వాదంలో మొదటి సగమే వర్తిస్తుంది.

మూలం

"ప్రియమైన అభ్యాసకులకు! మా అభ్యాస కుటుంబంలోకి సాదర స్వాగతం. మీ జ్ఞానయాత్ర ఇక ఒక్క క్లిక్ దూరంలో ఉన్నది. మీ వివరములు ధ్రువీకరించుకొని, పరిచయ మాడ్యూలును పూర్తిగావించి, అభ్యసనమును ఆనందించండి. సందేహ నివృత్తికై సహాయ కేంద్రమును సంప్రదించగలరు. చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితులలోనూ వాపసు ఇవ్వబడదు."

వ్యాఖ్యాత నియమం

కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాసిన కోలాచల మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకుని మరీ టీక మొదలుపెట్టాడు. నాకా భాగ్యం లేదు. మూలంలో ఉన్నదే రాయాలంటే మేనకోడలికి కావలసిందేదీ మూలంలో లేదు. అక్కర్లేనిది తీసెయ్యాలంటే మూలమే మిగలదు. అందుచేత ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టి రెండు ఒట్లూ గట్టున పెడుతున్నాను.

'ప్రియమైన', 'సాదర', 'కుటుంబం': ఇవి స్పష్టం. పూర్వ వ్యాఖ్యాతలు గడ్డుచోట 'స్పష్టం' అని దాటేసేవారని చదువుకునే రోజుల్లో మాకు కోపంగా ఉండేది. నేను నిజంగా స్పష్టమైన చోటే దాటేస్తున్నాను. ఫీజు పుచ్చుకుని లోపలికి రానిచ్చే కుటుంబం ఎలాంటిదో లోకానికి తెలుసు.

'ఒక్క క్లిక్ దూరంలో'

ఆలంకారికులకు 'గంగలో గొల్లపల్లె' ప్రసిద్ధ ఉదాహరణ. నీళ్ళలో పల్లె ఉండదు గనక వాచ్యార్థం పొసగదు. అప్పుడు లక్షణ చేత 'గంగ ఒడ్డున' అని చెప్పుకుంటాం. ఇక్కడా అంతే. 'ఒక్క' అన్నది వాచ్యార్థంలో పొసగదు. పొసగదని తెలిసేది నొక్కాకనే.

ఆన్‌లైన్‌లోగానీ దూరవిద్యలోగానీ చేరేవాళ్ళకు డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉండాలని యూజీసీ 2024లో నిబంధన పెట్టింది. డెబ్ ఐడీ రావాలంటే ముందు ఏబీసీ ఐడీ కావాలి. అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, 2021లో తెరిచిన క్రెడిట్ల ఖాతా. ఏబీసీకి డిజిలాకర్ కావాలి. డిజిలాకర్‌కు ఆధార్ కావాలి. ఆధార్‌కు దానికి తగిలించిన ఫోన్ నంబరు కావాలి. ఒకదానికి మరొకటి, దానికి ఇంకొకటి ఆధారంగా అడుక్కుంటూ పోవడాన్ని తార్కికులు అనవస్థా దోషం అన్నారు. ఇక్కడ ఆ దోషం లేదు. ఈ పరంపర ఒకచోట ఆగుతుంది: మా అల్లుడి జేబులో.

పెళ్ళయ్యాక మేనకోడలి ఆధార్‌కు అతని నంబరే ఇచ్చారు. అతను బస్సు కండక్టరు. ఓటీపీ వచ్చే వేళకు అతను మెట్ల మీద నిలబడి టిక్కెట్లు కొడుతుంటాడు. తర్వాతి స్టాపులో ఫోను చూసుకుని, ఆరంకెలూ చదివి చెప్పేలోపు వాటి ఆయుర్దాయం తీరిపోతుంది. "మళ్ళీ పంపించు" అంటాడు పాపం, బస్సు హోరులో. జ్ఞానయాత్రలో నిజంగా ప్రయాణం చేసింది అతనొక్కడే.

'మీ వివరములు ధ్రువీకరించుకొని'

ఈ చిన్న ముక్క దగ్గర వ్యాఖ్యాత కొంత కాలు చాపుకుని కూర్చోవాలి. వివరాల్లో మొదటిది పేరు. ఫారంలో దానికి మూడు గడులు: ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్. తెలుగువాడికి మొదట ఉండేది ఇంటిపేరు. అది ఎక్కడ రాయాలి? మొదట ఉంది గనక మొదటి గడిలోనా, వంశానిది గనక చివరి గడిలోనా?

మల్లినాథుడే వచ్చి ఈ ఫారం ముందు కూర్చున్నాడనుకోండి. మొదటి గడిలో కోలాచల, నడిమి గడిలో మల్లినాథ, చివరి గడిలో సూరి. 'సూరి' అంటే పండితుడు, అది బిరుదు. పోర్టల్‌కు అది వంశనామం. 'హలో కోలాచల' అని ఊరిపేరు పెట్టి పలకరిస్తుంది. పెద్దిభట్టు అని కూడా ఆయన్ను అంటారని చెబితే 'ఇతర పేర్లకు రుజువు జత చేయండి' అంటుంది.

మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ళే. కందుకూరి వారూ, గురజాడ వారూ ఆ ఊళ్ళు విడిచి ఎక్కడెక్కడికో వెళ్ళారు. ఊరు మాత్రం పేరుకు ముందు నడిచింది. గురజాడ వెంకట అప్పారావు విజయనగరంలో కూర్చుని 'కన్యాశుల్కం' రాసినా, పేరు చెప్పగానే కృష్ణా జిల్లాలోని ఒక పల్లె పలికేది. మొదట ఎవరివాళ్ళో చెప్పి, తర్వాత నేనెవరో చెప్పడం మన మర్యాద. ఈ మర్యాదను అమెరికా కంప్యూటర్లు ఎలా అర్థం చేసుకున్నాయో అక్కడున్న మన పిల్లల్ని అడగాలి. ఇంటిపేరు చివరికి నెట్టాక, మిగిలినవాటిలో ముందున్నది 'వెంకట'. ఒకే ఆఫీసులో ముగ్గురు నలుగురు వెంకటలు తేలతారు. ఇంట్లో శ్రీను, స్నేహితుల్లో సత్య, వాళ్ళ మేనేజరుకు మాత్రం వెంకట. ఏడుకొండలవాడి మొక్కు అట్లాంటిక్ దాటి అలా చెల్లుతోంది.

శ్రీశ్రీ సంగతి ఇంకా కష్టం. పుట్టింది పూడిపెద్ది వారింట, దత్తుకు వెళ్ళింది శ్రీరంగం వారింట. దస్తావేజుల్లో శ్రీరంగం శ్రీనివాసరావు, పుస్తకాల మీద రెండే అక్షరాలు. పోర్టల్ అయితే ఇంటిపేరు మారినందుకు నోటరీ అఫిడవిట్ అడిగేది. 'మహాప్రస్థానం' అట్ట చూపిస్తే 'ఫైలు సైజు ఎక్కువ' అనేది.

గుర్రం జాషువాకు మాత్రం ఇబ్బంది తక్కువేమో అనుకున్నాను. రెండే మాటలు, రెండు గడులు చాలు. కానీ నడిమి గడి ఖాళీగా వదిలితే ఎర్రగీత వస్తుంది. ఏదో ఒకటి రాయాలి. చాలామంది చుక్క పెడతారు. అడ్మిషన్ కార్డు మీద ఆ చుక్క అచ్చవుతుంది. తర్వాత దాన్ని తీయించుకోవడానికి మరో దరఖాస్తు.

ఏం చెబుతున్నాను? మేనకోడలి సంగతి. ఆమె పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు పూర్తిగా ఉంది. పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తింటి పేరు వేయించారు, అదీ పొడి అక్షరంగా. డెబ్ ఐడీ ఆధార్ పేరుతో వస్తుంది. విశ్వవిద్యాలయం మెమో పేరుతో పోల్చుతుంది. తెర మీద 'నేమ్ మిస్‌మ్యాచ్' అని పడుతుంది. పరిష్కారం కూడా అక్కడే చెప్పారు: ఆధార్‌లో పేరు మార్పించుకు రావాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే వీలు జన్మకు రెండుసార్లే. ఒకటి పెళ్ళికి అయిపోయింది. రెండోది ఎం.ఏ.కి ఖర్చుపెట్టాలి. మగపిల్లాడికి ఈ లెక్క ఎప్పుడైనా వేసుకోవాల్సి వస్తుందా? అతను ఏ తరగతి మెమో పట్టుకొచ్చినా పేరు అదే. ఆడపిల్ల మళ్ళీ చదువుకోవాలంటే ముందు పెళ్ళికి ముందటి మనిషిగా మారిరావాలని ఫారం తయారుచేసినవాడు అనుకుని ఉండడు. అసలు ఏమీ అనుకుని ఉండడు. మాకు మండేది దానికే.

ఆక్షేపం, సమాధానం

'కంప్యూటరు లేని రోజుల్లో మాత్రం గుమాస్తాలు తిప్పించుకోలేదా?' అని పూర్వపక్షి అడగవచ్చు. తిప్పించుకున్నారు. అయినా చదువుకు అధికారి, అంటే అర్హుడు, ఎవరన్నది ఆ రోజుల్లో ఎలా తేల్చారో చూడండి. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి. ఇప్పుడది అంబేడ్కర్ పేరు మీద ఉంది. బడి మొహం చూడనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి నెగ్గితే డిగ్రీలో చేరవచ్చన్నారు. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. ఆదివారాలు స్టడీ సెంటర్లో తరగతులు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళూ, ఇద్దరు పిల్లల తల్లులూ బల్లలమీద ఇరుక్కుని కూర్చునేవారు.

ఆ సెంటర్లో బల్ల వెనక ఒక గుమాస్తా ఉండేవాడు. కసురుకునేవాడు కూడా. కానీ రెండు కాగితాల్లో రెండు ఇంటిపేర్లు కనబడితే "పెళ్ళయ్యాక మారిందా అమ్మా?" అని తనే అడిగి, పెళ్ళి శుభలేఖ ఒకటి జతచేయించుకుని ముద్ర కొట్టేవాడు. తెలుగునాట ఏ గుమాస్తాకైనా తెలిసిన సంగతి ఇది. ఈ పోర్టల్‌కు దాన్ని ఎవరూ చెప్పలేదు.

'మాడ్యూలును పూర్తిగావించి, ఆనందించండి'

పేరు తేలకపోయినా తాత్కాలిక లాగిన్‌తో పరిచయ మాడ్యూలు తెరుచుకుంది. 2017లో కేంద్రం తెచ్చిన 'స్వయం' వేదిక కోర్సుకు నాలుగు భాగాలు పెట్టింది: వీడియో, చదువుకునే పాఠం, చర్చ, స్వీయపరీక్ష. పద్ధతి మంచిదే. మేనకోడలికి దక్కిన మాడ్యూలులో వీడియో ఒకటి, పరీక్ష ఒకటి. వీడియోలో ఒక పెద్దమనిషి ఆన్‌లైన్ విద్య ఎంత సులభమో చెబుతాడు. ముందుకు జరపనివ్వదు. నెట్ ఆగితే మళ్ళీ మొదటికొస్తుంది. పరీక్షలో 'ఆన్‌లైన్ విద్య వల్ల ప్రయోజనం ఏది?' అన్నది ప్రశ్న, 'పైవన్నీ' అన్నది జవాబు.

తర్వాత ఆనందించాలి. మీమాంసలో ఒక సూక్ష్మం ఉంది. దానంతటది జరిగేదాన్ని శాస్త్రం విధించదు. ఆకలేసినవాణ్ణి అన్నం తినమని ఏ శాస్త్రమూ ఆజ్ఞాపించదు. మరో దారిలో రాని దానికే విధి కావాలి. అందుచేత 'ఆనందించండి' అని విధించినవారు, ఆ ఆనందం మరే దారిలోనూ రాదని ముందే ఒప్పుకున్నారని సిద్ధాంతం.

'సంప్రదించగలరు'

'గల' సామర్థ్యాన్ని చెబుతుంది. సామర్థ్యం ఉన్నవారే సంప్రదిస్తారు. మేనకోడలు ఫోన్ చేస్తే సంగీతం వినబడింది. ఫిర్యాదు రాస్తే ఒక టికెట్ నంబరు వచ్చింది. అడ్మిషన్ గడువు దాటిన మర్నాడు 'మీ సమస్య పరిష్కరించబడినది' అని వచ్చింది. ఎవరిచేత? కర్మణి ప్రయోగంలో కర్త తృతీయా విభక్తిలో ఉండాలి, లేకపోతే ఊహించుకోవాలి. ఊహకు కూడా ఎవరూ తట్టలేదు.

'వాపసు ఇవ్వబడదు'

ఇది సుబోధం. గ్రంథమంతటిలో టీక అక్కర్లేని వాక్యం ఇదొక్కటే.

తాత్పర్యం

విశ్వవిద్యాలయం అసలు రాయాల్సింది ఇది: అమ్మా! అయ్యా! ఫీజు కట్టకముందే ఇది చదవండి. మీ పదో తరగతి మెమోలో పేరూ, ఆధార్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటేనేమో చూసుకోండి. ఇంటిపేరు చివరి గడిలో రాయండి. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు మీ చేతిలో ఉండే ఫోనుదేనా? కాకపోతే ముందు మార్చుకోండి. తర్వాత డిజిలాకర్, ఆపైన ఏబీసీ, ఆపైన డెబ్ ఐడీ, ఆఖర్న మా ఫారం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినవాళ్ళు ఆధార్ జోలికి వెళ్ళొద్దు. పెళ్ళి సర్టిఫికెట్ జతచేయండి, మేం ఒప్పుకుంటాం. అర్థం కానిది ఉంటే ఫలానా నంబరుకు చేయండి, ఫలానావారు ఎత్తుతారు. ఆదివారం ఎత్తరు. ఇవన్నీ కుదిరేదాకా మాకు డబ్బు కట్టకండి.