ఎక్సెల్ జీర్ణోద్ధరణము: టీకా తాత్పర్య సహితము

మూలము

"మామా! మినిమమ్ బడ్జెట్‌ల ఎక్సెల్‌ను ఆఫ్‌రోడ్ రీబిల్డ్ చేస్తున్న. జర సపోర్ట్ చెయ్యి."

అవతారిక

ఈ వాక్యం మొగుడంపల్లిలో, మా వాకిట్లో, వేపచెట్టు కింద వెలువడింది. వక్త నా మేనల్లుడు. మూడేళ్ళు హైదరాబాదులో చదివి, మొన్న సెలవులకు వచ్చి, జహీరాబాదులో ఏడు వేలకు ఒక పాత ఎక్సెల్ సూపర్ కొని, ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాడు. నడపవలసిన బండి ఇంకో బండెక్కి రావడంలోనే కావ్యారంభం జరిగింది.

వ్యాఖ్యానానికి ముందు పెద్దలకు దండం పెట్టాలి. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం. అంటే మన కొల్చారం. 2016 అక్టోబరు 11 దాకా ఆయన ఊరూ మా ఊరూ ఒకటే మెదక్ జిల్లా. జిల్లాలు చీలినప్పుడు ఆయన మెదక్‌లోనే ఉండిపోయాడు, మేం సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి మండలం అయ్యాం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు మెదక్ జిల్లాది. నాకు వర్తించదు.

ప్రతిపదార్థము

మామా = సులభము. వదిలేస్తున్నాను. సంబోధన కూడా ప్రథమా విభక్తే అని బడిలో చెప్పారు. మా ఇంట్లో మాత్రం దాని వెంటనే చతుర్థి వస్తుంది: కొరకు, కై. ఫీజు కొరకు, పెట్రోలుకై.

మినిమమ్ బడ్జెట్‌ల = తన దగ్గర డబ్బు తక్కువ ఉన్నచోట అని. బడ్జెట్ అనేది ఫ్రెంచి వాళ్ళ చిన్న తోలుసంచి పేరులోంచి పుట్టిన మాట. తోలు ఎవరిదో మూలకారుడు చెప్పలేదు, ఊహ్యము.

ఎక్సెల్‌ను = 1980లో హోసూరులో టీవీఎస్ వాళ్ళు ఇద్దరు కూర్చునే మొపెడ్‌గా తెచ్చిన ఫిఫ్టీ వంశంలో పుట్టినదానిని. దానికి ఎనిమిదేళ్ళ ముందే పూనా కంపెనీ లూనా తెచ్చింది. పూనా, లూనా అని ప్రాస కుదిరినా మా గట్ల మీద నిలబడింది ఎక్సెలే. సూపర్‌ది 69.9 సీసీ, ఒకటే గేరు, రెండు స్ట్రోకులు.

ఈ రెండు స్ట్రోకుల దగ్గర కొంచెం ఆగాలి. టూ స్ట్రోక్ అనగా ద్విపద. పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి. రెండు పాదాల్లో భావం పూర్తి. క్రాంకు ఒక్క చుట్టుకు ఒక పేలుడు. ఫోర్ స్ట్రోక్ అనగా నాలుగు పాదాల వృత్తం: పీల్చు, నొక్కు, పేల్చు, వదులు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే గాని ఒక్క పేలుడు రాదు. మధ్యలో వాల్వులు, క్యాము, దాన్ని తిప్పే చైను. ఒక్క గణం తప్పినా పద్యం కూలిపోతుంది. ద్విపదకు అంత సంభారం అక్కరలేదు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడో గణం మొదట యతి. ప్రాస కూడా వదిలేస్తే మంజరి అని ముద్దుగా పిలుస్తారు. కూలికి పోయే మనిషి పాడుకోగలడు. ఎక్సెల్ ఇంజన్‌నూ అంతే, నాలుగు పానాలున్న ఏ మనిషైనా గోనెసంచి పరిచి విప్పుకోగలడు.

అందుకే గదా పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు! జనం నోట ఆడాలని. ఆ బసవన్న నడిచిన కల్యాణం మాకేం దూరం? జహీరాబాద్ దగ్గర బొంబాయి రోడ్డెక్కి హుమ్నాబాద్ దాటితే బసవకల్యాణమే. వృత్తాలు రాసే పండితులు ద్విపదను చిన్నచూపు చూశారు. బుల్లెట్ మీద పోయేవాడు ఎక్సెల్ మీద పోయేవాణ్ణి చూసినట్టే. అయినా ఆడవాళ్ళు దంచుతూ పాడుకున్న రామకథలు కొన్ని ద్విపదలోనే ఉన్నాయి. పాలక్యాన్లు, యూరియా బస్తాలు, మందు కొట్టే పంపు, మేకపిల్ల, పచ్చిగడ్డి మోపు, మోపు మీద మనిషి, ఇవన్నీ మోసింది ఎక్సెలే.

ద్విపదకు ఒక దోషం లేకపోలేదు. నూనెను పెట్రోలులోనే కలిపి తాగి, నీలిపొగ కక్కుతుంది. పొగ మీద నిబంధనలు బిగుస్తున్న రోజుల్లో, 2015లో, ఆ టీవీఎస్ వాళ్ళే ఫోర్ స్ట్రోక్ ఎక్సెల్ హండ్రెడ్ తెచ్చారు. వృత్తమే గెలిచింది. పాత ద్విపదలు ఇనుప సామాన్ల కొట్లకు చేరాయి. అక్కడి నుంచి ఒకటి మా వాకిట్లోకి... అవును, మనం మేనల్లుడి దగ్గర ఉన్నాం.

రీబిల్డ్ = విప్పినదానిని తిరిగి బిగించుట. ఈ పదం కింద మెకానిక్ ఇచ్చిన చీటీ ఉంది. అది కావ్యం లోపలి కావ్యం.

మొదటి పంక్తి: చైన్ పాకెట్. స్ప్రాకెట్ అనే తత్సమం జనం నోట నలిగి పాకెట్ అనే తద్భవం అయింది. స్థానము తానము అయినట్టు ముందున్న సకారం లోపించింది. అర్థం మాత్రం లోపించలేదు. పాకెట్ ఖాళీ చేసేది పాకెట్. వెనక చక్రానికి పళ్ళు ఎక్కువున్నది వేస్తే వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. దీన్నే మేనల్లుడు గేరింగ్ రేషియో అన్నాడు.

రెండో పంక్తి: బోరు. ఇది శ్లేష. "బోరు పోయింది మామా" అని వాడు ఫోన్ చేసినప్పుడు నేను చెరుకు తోటలో ఉన్నాను. నా గుండె జారిపోయింది. మా దిక్కు బోరు పోవడం అంటే ఏమిటో జహీరాబాద్ రైతును అడగండి. వాడు చెప్పింది ఇంజన్ సిలిండర్ అరిగిన సంగతని తెలిసి, ఎన్నడూ లేనిది, ఖర్చు వార్త విని సంతోషపడ్డాను. లేత్ మీద బోరు గీకించి, పావు మిల్లీమీటరు లావు పిస్టన్, కొత్త రింగులు వేయాలట. నీళ్ళ బోరుకూ ఇట్లా పావు మిల్లీమీటరుతో తేలే వైద్యం ఉంటే ఎంత బాగుండు.

మూడో పంక్తి: షాక్ అబ్జర్వర్లు రెండు. ఇక్కడ పాఠభేదం ఉంది. అబ్జార్బర్ అని కంపెనీ పాఠం. మెకానిక్ పాఠమే సాధువు, ఎందుకంటే పాత ఎక్సెల్‌లో అవి షాకును పీల్చవు, చూస్తూ ఊరుకుంటాయి. పీల్చేది నడుము.

నాలుగోది: సైలెన్సర్ కాల్చుడు. లోపల పేరుకున్న మసిని మంటతో పోగొట్టే అగ్నిపరీక్ష. సులభము.

ఆఫ్‌రోడ్ = ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం మర్యాద తప్పుతాడు.

ఏదైనా లేదని చెప్పాలంటే ముందు అదేమిటో తెలిసి ఉండాలని తార్కికులు అంటారు. ప్రతియోగి తెలియకుండా అభావం తెలియదు. రోడ్డు ఎరగనివాడికి ఆఫ్‌రోడ్ ఎట్లా తెలుస్తుంది? అభావాలు నాలుగు. మా చేని బాట ప్రాగభావం, ఇంకా పుట్టలేదు. చెరుకు ట్రాక్టర్లు తిరిగే బాట ప్రధ్వంసాభావం, పుట్టి పోయింది. కాగితం మీది రోడ్డు నేల మీది రోడ్డు కాదు గనుక అది అన్యోన్యాభావం. వాగు అవతల ఉన్నది అత్యంతాభావం. దాని గురించి అడగడం కూడా మానేశాం.

ఈ నాలుగు అభావాల మీదుగా మా నాయన పాతికేళ్ళు టీవీఎస్ ఫిఫ్టీ నడిపాడు. నల్లరేగడి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగకపోతే, ముందు మడ్‌గార్డు ఊడదీసి కొట్టంలో దూలానికి తగిలించాడు. దాన్ని ఎవరూ మాడిఫికేషన్ అనలేదు. మందపు అచ్చు టైరు వెనక వేయించాడు, ఫొటో తీసుకోలేదు. ఒక ముసురు రాత్రి అక్కకు నొప్పులు మొదలైతే, జీపు ఊళ్ళోకి రాలేనంటే, ఆమెను ఆ బండి మీద కూర్చోబెట్టి, నాయన హ్యాండిల్ పట్టి, నేను వెనక నుంచి తోసి, తారు రోడ్డు దాకా చేర్చాం. దాన్ని అడ్వెంచర్ అనడానికి మాకు ఊపిరి లేదు. ఆ తెల్లవారుజామున పుట్టినవాడే ప్రస్తుత మూలకారుడు.

వాణ్ణి తప్పు పట్టడం లేదు. అవసరానికి చేసిన పనికి పేరుండదు, సరదాకు చేస్తే ఇంగ్లీషు పేరుంటుంది అన్నదే నా ఫిర్యాదు.

జర = ఉర్దూలో కొంచెము. సంస్కృతంలో ముసలితనము. రెండర్థాలూ ఇక్కడ పొసగుతాయి. రెండోది తీసుకుంటే "ముసలితనానికి ఆసరా ఇయ్యి" అని. అది నేను వాణ్ణి అడగవలసిన మాట.

శంక: బండి రూపం మార్చవచ్చునా? సమాధానం: రిజిస్ట్రేషన్‌లో రాసి ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కనుక మా వాడి బండి చేను దాటి రాదు. చేను దాటితే రోడ్డు లేదు గనుక విరోధం లేదు.

తాత్పర్యము

పది పదాల మూలంలో తెలుగువి మూడు: మామా, చేస్తున్న, చెయ్యి. మిగతావి తీసేసి చదివినా అర్థం చెడదు. నేను చేస్తున్న, ఖర్చు నువ్వు చెయ్యి.

ఫలశ్రుతి

ఇచ్చాను. మొదటి వానకే బండి రేగట్లో దిగబడింది. ఫోనొస్తే పోయి చూశాను. కొత్త పాకెట్, కొత్త బోరు, కొత్త అబ్జర్వర్లు, అన్నీ ఉన్నాయి; చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బెల్లం ముద్దలా మట్టి. గట్టు మీది కందికట్టె ఒకటి విరిచి ఇచ్చాను. నాయన బండికి క్యారియర్ తాడు కింద ఎప్పుడూ ఒకటి దోపి ఉండేది. వాడు గుచ్చి గుచ్చి మట్టి తీసి, కిక్కు కొట్టి, కట్టెను పారేయబోయి ఆగి, సీటు కింద దోపుకున్నాడు. దానికి ఇంకా ఇంగ్లీషు పేరు పెట్టలేదు.