జీతంలేని సీటు: సటీకా తాత్పర్యం

తే. జీతమన్నది లేదహో సీటునకును
చేయి యెత్తినవారలే చెలిమికాండ్రు
పప్పు రుచిచూచి పుస్తకపత్రమందు
వ్రాలు సేయుము రెండేండ్ల వఱకు తల్లి!

అవతారిక: శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు దాకా పోర్ట్‌బ్లెయిర్, నాలుకకు ఇంకా గెజిట్ అందలేదు) డెలానీపూర్ పేటలో ఒక ఇల్లాలికి, తన పిల్లలు చదివే సర్కారు బడి యాజమాన్య కమిటీలో సభ్యురాలిగా నిలబడాలని బుద్ధి పుట్టినది. పొరుగింటి పెద్దాయన, మునుపు అదే కమిటీలో కూర్చుని లేచినవాడు, "అమ్మా, చెబుతా విను" అని ఆమెకు చేసిన ఉపదేశమే ఈ తేటగీతి. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి. మాకా ఒట్టు లేదు.

ప్రతిపదార్థం: జీతమన్నది = ఒకటో తారీఖున బ్యాంకులో పడునది; లేదహో = లేనే లేదు ("అహో" అనునది ఆ మాట విన్న భర్త నోట వెలువడిన ఆశ్చర్యమని సంప్రదాయజ్ఞులు); సీటునకును = ప్లాస్టిక్ కుర్చీకి; చేయి యెత్తినవారలే = మీటింగులో చేతులు పైకి లేపినవారే; చెలిమికాండ్రు = ఆ పూట మట్టుకు ఆప్తులు; పప్పు = మధ్యాహ్న భోజనములోనిది; రుచిచూచి = నాలుక మీద వేసుకొని, పైకేమీ అనక; పుస్తకపత్రమందు = మినిట్స్ బుక్కు పేజీలో; వ్రాలు సేయుము = సంతకము పెట్టుము; రెండేండ్ల వఱకు = కమిటీని మళ్లీ వేయుదాక; తల్లి = ఓ పిల్లల తల్లీ!

తాత్పర్యం: కూర్చో, తిను, సంతకం పెట్టు, ఇంటికి పో.

ఇక విశేషాలు. ఈ సీటుకు మూలం 2009 నాటి విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్. అండమాన్‌కు శాసనసభ లేదు కనుక కేంద్రం 2010లో చేసిన నియమాలే ఇక్కడా వర్తిస్తాయి. వాటి ప్రకారం కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. పన్నెండుమంది కమిటీ అనుకుంటే తొమ్మిదిమంది వారే. మిగిలిన మూడింటిలో ఒకటి స్థానిక సంస్థలో ఎన్నికైన సభ్యులకు, ఒకటి టీచర్లకు, ఒకటి స్థానిక విద్యావేత్తకో బడి పిల్లకో. హెడ్మాస్టరు హోదారీత్యా కన్వీనరు. ఆయన ఈ పన్నెండులో కలుస్తాడా, పదమూడోవాడా అన్న చర్చను వైయాకరణులకు వదిలేస్తున్నాం. అధ్యక్ష, ఉపాధ్యక్షులు మాత్రం తల్లిదండ్రుల నుంచే రావాలి. అంటే పెద్దాయన కుర్చీ అంటున్నది నిజానికి గద్దె. ఆయన కూర్చున్న రెండేళ్లూ ఆయనకా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో చివర "తల్లి"కి బదులు "తండ్రి" అని కనిపిస్తుంది. గణాలకు లోటు లేదు, కాని చట్టానికి ఉంది. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండితీరాలి. ఈ పాఠాన్ని వ్యాప్తి చేసింది, భార్య పేరు రాయించి మీటింగుకు తాము వచ్చే మహానుభావులు. అపపాఠమని త్రోసిపుచ్చుతున్నాం.

"చేయి యెత్తినవారలే" అన్నచోట కొంత ఆగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 8న సర్కారు బడులన్నిటా ఈ ఎన్నికలు పెట్టారు. కొన్నిచోట్ల పార్టీలు దూరి పెద్ద ఎన్నికల్లా తగాదాలూ నడిపాయి. డెలానీపూర్ కథ వేరు. ఇక్కడి హాల్లో బెంగాలీ, తమిళం, మలయాళం, తెలుగు ఇళ్లవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు, మాట హిందీలో సాగుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి 13 మంది. మనవాళ్లందరూ చెయ్యెత్తినా చాలదు. అందులోనూ కొందరు విశాఖ ఓడెక్కి మెయిన్‌ల్యాండ్‌లో ఉంటారు. కనుక నిలబడే తల్లి పక్కవీధి బెంగాలీ దీదీ గుమ్మం తొక్కాలి, తమిళ అక్కతో చాయ్ తాగాలి. అలా గెలవడం ఈ ఊరికి కొత్త కాదు. 2022 మున్సిపల్ ఎన్నికల్లో 24 వార్డులకు రెండే గెలిచిన తెలుగుదేశం నుంచి, మరుసటేడు బీజేపీ మద్దతుతో, ఎస్. సెల్వి మున్సిపల్ కౌన్సిల్ చైర్‌పర్సన్ అయ్యారు. చెలిమికాండ్రు అంటే అదీ.

"పప్పు" అన్నచోట పూర్వవ్యాఖ్యాతలు ఉప్పు దగ్గరే ఆగిపోయారు. జాతీయ కొలత ప్రకారం ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 20 గ్రాముల పప్పు, పైతరగతుల బిడ్డకు 30. చిన్నవాళ్లకు 450 క్యాలరీలు, పెద్దవాళ్లకు 700. భోజనం అమలు చూడటం కమిటీ పని. రుచి చూసేవారు త్రాసు కూడా చూడవచ్చు, ఎవరూ కాదనరు.

శంక: ఇంతేనా కమిటీ పని? సమాధానం: కాదు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేయడం, సర్కారు నుంచి వచ్చిన సొమ్ము ఎలా ఖర్చయిందో చూడటం, జమాఖర్చుల వార్షిక లెక్క రాయడం, బడికి రాని పిల్లలను రప్పించడం, టీచర్లకు బడిబాహ్యమైన పనులు నెత్తిన పడకుండా కనిపెట్టడం. చివరిది మా టీచరమ్మలు ఈ పద్యంలో వెదికి వెదికి కానక నిట్టూర్చిన విషయం.

అలంకారం: వ్యాజస్తుతి. దోషం: న్యూనపదం. "వ్రాలు సేయుము" అన్నాడే గాని అంతకుముందు చేయవలసిన పని చెప్పలేదు. ఈ లోపం పెద్దాయన ఒక్కడిదే కాదు. వెనక బెంచీలో కూర్చుని, పుస్తకం తిప్పి ఇస్తే పేరు గీకి పంపే మనందరిదీ. యతిభంగం కాకుండా నాలుగో పాదాన్ని ఇలా దిద్దుతున్నాం:

చదివి సంతకమిడుమమ్మ జంకు లేక

కమిటీ నెలకొకసారైనా కూడాలి, ఆ మినిట్స్ జనానికి అందుబాటులో ఉండాలి అని కూడా 2010 నియమాలే చెబుతున్నాయి. కాబట్టి గెలిచిన తల్లే కాదు, చెయ్యెత్తి ఓటేసిన తల్లీ, ఓడిన తల్లీ, ఆ రోజు ఓడలో ఉన్న తండ్రీ కూడా బడికి వెళ్లి ఆ పుస్తకం అడగవచ్చు. అడగండి.