అలారం బాబాయి

మోగేది ఏదైనా మా బాబాయి సొత్తే. కుక్కరు కూత, వీధిలో కారు గోల, పక్కింటి కాలింగ్ బెల్లు, ఏది మోగినా మాడవీధి ఫ్లాట్ల మెట్ల మీద ముందు వినపడేది ఆయన చెప్పుల చప్పుడే. రిటైరైన ఇంజనీరు. 2019 ఎండాకాలంలో చెరువులు ఎండిపోయి చెన్నై అంతా నీళ్ల లారీల కోసం కాచుకున్నప్పుడు, సంపులో కర్ర ముంచి తడి కొలిచి, ఎవరి స్నానం ఎంతసేపో తేల్చినవాడు. ఆ కర్ర ఇంకా గుమ్మం వెనకే ఉంది. పసుపు కుంకాలు పెట్టడం ఒక్కటే తరువాయి.

ఇప్పుడాయన ఏలుబడి టెక్సాస్ దాకా పాకింది. అబ్బాయి ఆస్టిన్ ఊరవతల ఇల్లు కొన్నాడు. అక్కడ మురుగు పైపు లేదు, పెరట్లోనే ఏరోబిక్ సెప్టిక్. ఒక గదిలో మడ్డి దిగుతుంది. రెండోదాంట్లోకి కంప్రెసర్ గాలి ఊదితే ఆ గాలి పీల్చి బాక్టీరియా మురుగును తినేస్తుంది. తేరిన నీటికి క్లోరిన్ తగిలించి పచ్చిక మీద చిమ్ముతారు. గాలి ఆగినా, పంపు ఆగి నీటిమట్టం పెరిగినా ఎర్రదీపం, బజరు. వాడి అలారం డబ్బాలో దీపం ఒకటే, రోగాలు రెండు. బాబాయికి ఇంతకన్నా ఏం కావాలి!

వాడికి రాత్రి పది, మాకు ఇడ్లీల వేళ.

"నాన్నా, మోగుతోంది. మ్యూట్ నొక్కేస్తున్నా."

"నొక్కకు! అరవడానికో డబ్బా, దాని నోరు నొక్కడానికో మీటా? ముందు అమ్మాయిని వాషింగ్ మెషీన్ ఆపమను. బ్రేకర్ పడిందేమో చూడు."

"మెయింటెనెన్స్ వాళ్లున్నారు కదా. పొద్దున్నే పిలుస్తాను."

"పొద్దుటిదాకా ఆ బాక్టీరియాకి ఊపిరెలారా?"

నేను తిన్నానో లేదో ఏనాడూ అడగని మనిషి! మడ్డి, మురుగు అన్న మాటలు సాంబారు గిన్నె మీదుగానే పోతున్నాయి. పైగా ఆయనున్నది మైలాపూరు. ఇక్కడ మురుగు వీధి కింద పైపులో పోతుంది, వానకు మ్యాన్‌హోలు పొంగితే తప్ప దాని ఊసే రాదు. అయినా ఒప్పుకోవాలి, పోయిన నెల వాడు సెప్టిక్‌లో ఈతకొలను క్లోరిన్ బిళ్లలు వేయబోతుంటే వీడియోలో డబ్బా మీది పేరు చదివి ఆపింది ఈయనే. దీనికి కాల్షియం హైపోక్లోరైట్ బిళ్లలే వెయ్యాలట.

బ్రేకరే పడింది. పైకెత్తగానే కంప్రెసర్ గుర్రుమంది. ఫోను దాని దగ్గర పెట్టించి, పిన్ని చేత టీవీ కట్టించి, కళ్లు మూసుకుని విన్నారు. కాసేపటికి బజరు ఆగింది. బాబాయి మొహం వాడిపోయింది.

"అప్పుడే ఆగిపోతే ఎలారా? టెస్ట్ మీట నొక్కు, ఇంకోసారి వింటాను."