అలవికాని అలివి

వానలు పడి కాలువలు పారడం మొదలైతే పెబ్బేరు, కొల్లాపూర్, ఇటిక్యాల వైపు పాలమూరు పల్లెల్లో పిల్లలకు ఒక కొత్త పని దొరుకుతుంది: ఎండ్రకాయలు పట్టడం. సామగ్రి పెద్దగా అక్కర్లేదు. ఒక కట్టె, మూరెడు దారం, దాని చివర కోళ్ల దుకాణంలో పారేసే పేగుముక్కో, పులుసుకు చేప కోసినప్పుడు మిగిలిన తలకాయో ఉంటే చాలు. బొరియ ముందు ఆడిస్తే ఎండ్రకాయ వచ్చి డెక్కలతో బిగించి పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకున్నాక వదలదు. ఆ పట్టుదలే దాని కొంప ముంచుతుంది. పట్టుదలకు ఇంత చెడ్డ ఫలితం ఉందని తెలిసే కాబోలు, మత్స్య చట్టాలు అమలు చేసేవాళ్లు దేన్నీ అంత గట్టిగా పట్టుకోరు.

అమెరికాలోని అలాస్కాలో ఇదే పని చెయ్యాలంటే ముందు పుస్తకం చదవాలి. సరదావేటలో పట్టిన చేపను, కొన్ని రకాలు తప్ప, ఎరగా గుచ్చకూడదు. కోసుకున్నాక మిగిలిన తల, తోక, రెక్కలు, పేగులు మాత్రం ఎరకు పనికొస్తాయి, అదీ ఆ చేపను చట్టప్రకారం పట్టి ఉంటేనే. అంటే కండ మనిషికి, మిగిలింది పీతకు. పీతలు పట్టే పంజరానికి ఒకచోట నూలు దారమే కట్టాలి. పంజరం నీళ్లలో తప్పిపోతే కొన్నాళ్లకు ఆ దారం కుళ్లి, దారి తెరుచుకుని, లోపల చిక్కినవి బతికి బయటపడాలట. ఆగ్నేయ అలాస్కాలో డంజినెస్ అనే పీత దొరికితే ఆరున్నర అంగుళాల వెడల్పుకు తగ్గని మగదాన్నే ఇంటికి తీసుకుపోవాలి. ఆడదైతే నమస్కారం పెట్టి నీళ్లలోకి వదిలేయాలి. నమస్కారం సంగతి పుస్తకంలో లేదు, మిగతాదంతా ఉంది.

పీతకు పెట్టే బువ్వకూ చట్టమేనా అని పాలమూరు జనం నవ్వుకోవచ్చు. నవ్వుకున్నాక సోమశిల రేవుదాకా ఒకసారి వెళ్లిరావాలి.

శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన కృష్ణ నీళ్లు నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపూర్ వైపు సోమశిల, మంచాలకట్ట, అమరగిరి ఊళ్లను ఒరుసుకుని ఉంటాయి. ఎగువన వనపర్తి జిల్లాలో చిన్నంబావి వైపు, ఇంకా పైన గద్వాల జిల్లాలో అలంపూర్ వైపు అవే నీళ్లు. అక్కడ దిగే నిషేధిత వల పేరు అలివి. అది ఎలా ఉంటుందో తెలియనివాళ్లు మంచం మీది దోమతెరను తలచుకుంటే సరిపోతుంది. దోమతెరలోకి దోమ దూరకూడదు, అలివిలోంచి చేపపిల్ల జారకూడదు. తేడా పొడవులోనే. దోమతెర మంచమంత ఉంటుంది. అలివి వందల మీటర్లు సాగుతుంది, కొన్నిసార్లు కిలోమీటరు దాటుతుంది.

కోస్తాలో కడలి ఒడ్డు నుంచి లాగే వలకు ఈ పేరు పాతదే. అక్కడ ఎదురుగా ఉన్నది సముద్రం, దానికి అవతలి ఒడ్డు లేదు. ఇక్కడ రెండు ఒడ్లూ కనిపించే నదిలో అదే పద్ధతి. పడవ మీద వలను అర్ధచంద్రాకారంలో తిప్పి, రెండు కొసలూ గట్టుకు చేర్చి, మనుషులు వరసగా నిలబడి లాగుతారు. గట్టెక్కేటప్పటికి అందులో బొచ్చె పిల్ల, రవ్వ పిల్ల, మోసు పిల్ల, పరక, జెల్ల, ఇంకా పేరు పెట్టడానికి వీలు కానంత చిన్నవి, అన్నీ ఉంటాయి. వాటిలో ఏది ఏడాదికి ఎంత పెరిగేదో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. ఒడ్డునే ఇసుక మీద, పట్టాల మీద ఆరబోస్తారు. ఎండిందాన్ని సంచులకెత్తి లారీలకెక్కిస్తారు.

ఇక్కడ చిన్న లెక్క వేసుకోవచ్చు, కాకిలెక్కే అయినా. వేలెడు బొచ్చె పిల్ల సుమారు పది గ్రాములు తూగుతుంది. వంద పిల్లలు కలిస్తే కిలో. ఎండితే పావుకిలో మిగిలితే గొప్ప. అదే వంద పిల్లల్ని నీళ్లలో వదిలేస్తే, సగం చచ్చినా, మేత దొరికి పెరిగినవి ఒక్కోటి ఏడాదికి కిలోకు దగ్గర పడతాయి. అంటే యాభై కిలోల చేపను పావుకిలో ఎండుచేపగా మార్చే విద్య ఇది. రాగిని బంగారం చేస్తామన్న రసవాదులు చాలామంది ఉండేవారు. బంగారాన్ని రాగి చేసేవాళ్లు మాత్రం కృష్ణ ఒడ్డునే దొరుకుతారు.

ఆ వేలెడు పిల్లలు ఎక్కడివన్నది అసలు ముచ్చట. తెలంగాణ ప్రభుత్వం 2016-17 నుంచి చెరువులకూ జలాశయాలకూ ఉచితంగా చేపపిల్లలు పంచుతోంది. చిన్న చెరువుల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, పెద్ద జలాశయాల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్లవి వేయాలని నియమం. కాంట్రాక్టరు లారీ వస్తుంది. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచులు దిగుతాయి. పెద్దలు వరసగా నిలబడి సంచి మూతి విప్పి నీళ్లలో వంచుతారు. కెమెరాలు మెరుస్తాయి. ఏట్లో పారేసినా ఎంచి పారేయాలని పాతకాలపువాళ్లు ఎందుకన్నారో గానీ, ఆ సామెత ఎక్కడైనా అక్షరాలా పనికొస్తుందంటే ఇక్కడే. కానీ లెక్క తక్కువైందని, సైజు చిన్నదైందని, సగం చచ్చినవే వచ్చాయని సొసైటీల సభ్యులు గొడవపడని సంవత్సరం అరుదు.

ఒక చేత్తో సర్కారు పిల్లల్ని పోస్తుంది. అదే నీళ్లలో ఇంకో చెయ్యి వాటిని తోడేస్తుంది. తోడేదాని పేరు అలివి, తోడనిచ్చేదాని పేరు నిషేధం. ప్రజల సొమ్ముతో కొన్న పిల్ల నీళ్లు తాగి కాస్త నిలదొక్కుకునేలోపే ఇసుక మీద ఎండుతుంది. పథకం ఎంత వేగంగా ఫలితమిస్తోందో చూపించాలంటే ఇంతకన్నా మంచి దృశ్యం దొరకదు. పెంచడానికి ఏడాది పట్టే పంట కొన్ని వారాల్లోనే సంచికెక్కుతోంది.

నిషేధం అమల్లో లేదని మాత్రం ఎవరూ అనలేరు. అది పండుగలా ఏటా వస్తుంది. నీళ్లు తగ్గి ఒడ్లు బయటపడగానే గుడిసెలు వెలుస్తాయి. స్థానిక మత్స్యకారులు కలెక్టరేట్ ముందు ధర్నా చేసి వినతిపత్రం ఇస్తారు. పత్రికల జిల్లా పేజీలో 'యథేచ్ఛగా అలివి వేట' అన్న శీర్షిక వస్తుంది. కొన్ని రోజులకు జీపులో అధికారులు, వెంట పోలీసులు దిగుతారు. దొరికిన వలలను కుప్ప పోసి కిరసనాయిలు చల్లి అంటిస్తారు. నల్లటి పొగ నది మీదికి లేస్తుంది, ఫొటో బాగా పడుతుంది. ఈ తంతులో పంచాంగం తప్పనిది ఒక్కటే, వల మళ్లీ రావడం. కాలిన వల ఎవరిదో, దాన్ని కొన్న డబ్బు ఎవరిదో, ఎండుచేప లారీ ఏ దారిన ఎవరి గోదాముకు పోయిందో అడిగేసరికి పొగ కళ్లలో పడుతుంది.

దొరికేది మాత్రం కూలివాడే. వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో ఒడ్డున తార్పాలిన్ కింద బతికే మనిషి. అతని మీద కోపం తెచ్చుకోవడం సులువు. మాట్లాడేది వేరే యాస, ఊరు ఎక్కడో సముద్రం పక్కన. 'ఆంధ్రావాళ్లు మన చేపలు ఊడ్చుకుపోతున్నారు' అనే మాట ఉపన్యాసానికి బాగా పండుతుంది. కానీ లారీకి రోడ్డు ఇటువైపే ఉంది, గుడిసెకు జాగా ఇచ్చిన గట్టు ఇటువైపే ఉంది, సరుకు తూకం వేసే కాంటా ఇటువైపే ఉంది. పరాయివాడు వచ్చి ఒక రాత్రి దొంగతనం చేసి పోవచ్చు. నెలల తరబడి కాపురం పెట్టాలంటే ఇంట్లోవాళ్లు చాప వెయ్యాలి.

సొసైటీలో సభ్యత్వం ఉన్న స్థానిక బెస్తవాడికి, ముదిరాజుకు మాత్రం నియమాలు కంఠస్థం. జలాశయంలో దిగాలంటే లైసెన్సు, గుడ్లు పెట్టే కాలంలో వేట విరామం, వల కన్ను ఇంతకు తగ్గకూడదన్న షరతు. అతని తెప్పకు అన్ని కొలతలూ ఉన్నాయి. వలలో చిన్నచేప జారిపోవాలి, పెద్దది చిక్కాలి అన్నది మత్స్యశాస్త్రం. చట్టం వల మాత్రం తిరగేసి నేసినట్టుంది.

ఈ చట్టాల కథా వింతైనదే. 1897లో తెల్లదొరలు భారత మత్స్య చట్టం తెచ్చారు. నీళ్లలో తోటాలు పేల్చినా, విషం కలిపినా శిక్ష. వల ఎంతుండాలి, కన్ను ఎంతుండాలి అన్న నియమాలు పెట్టుకునే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. ఆ నియమం మీరితే మూల చట్టం ప్రకారం జరిమానా వంద రూపాయల దాకా, మానకుండా కొనసాగిస్తే రోజుకు పది రూపాయల దాకా అదనం. అప్పటి సవరను లెక్కన వంద రూపాయలంటే దగ్గర దగ్గర నాలుగు తులాల బంగారం. ఇప్పుడు జూరాల డ్యాం దగ్గర దుకాణాల్లో వేయించిన చేప ఒక ప్లేటు తినాలన్నా వంద నోటు ఒక్కటి తీస్తే సరిపోతుందో లేదో.

పైగా ఆ చట్టం కర్నూలు ఒడ్డుదాకే. ఇవతలి గట్టు నైజాం ఇలాకా, అందులోనూ గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల సీమ. హైదరాబాద్ రాజ్యానికి బ్రిటిష్ చట్టం వర్తించలేదు. తెలంగాణకు ఫసలీ సంవత్సరం లెక్కన పుట్టిన వేరే మత్స్య చట్టం నిజాం కాలం నుంచే ఉంది. ఒకే నదిలో అవతల ఇంగ్లీషు తారీఖు, ఇవతల ఫసలీ తారీఖు. మధ్యలో ఈదే బొచ్చెకు తాను ఏ శకంలో ఉందో తెలిసే వీలు లేదు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి. 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు పుట్టాయి. దాంతో వల వేసినవాడికి మంచి వెసులుబాటు దొరికింది. జీపు వస్తున్నదని ఫోను రాగానే పడవ తిప్పితే పక్క జిల్లా, ఇంకాస్త తిప్పితే పక్క రాష్ట్రం. సరిహద్దు రేఖ నీళ్ల మీద కనపడదు గానీ, దాన్ని దాటకూడనిది ఒక్క అధికారి పడవే.

అలివిని పక్కనపెట్టి గట్టు దిగి పొలాల్లోకి వస్తే నిషేధం ఇంకో వేషంలో ఎదురవుతుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే వద్దన్నది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ చెరువులను ధ్వంసం చెయ్యమని ఆదేశించింది. ఎందుకంటే ఆ చేప ఏదైనా తింటుంది, మురికి నీళ్లలోనూ బతుకుతుంది, గాలి పీల్చుకుంటూ తడి నేల మీద పక్క కుంటకు పాకిపోతుంది, అక్కడి స్థానిక చేపలను మిగల్చదు. పాలమూరు పల్లెల్లో పొలాల మధ్య గుంతలు తవ్వి దాన్ని పెంచుతున్నారని, జేసీబీలతో పూడ్పించారని వార్తలు వస్తూనే ఉంటాయి. దాని మేతకు తెలగపిండీ తవుడూ కాదు, కోళ్ల దుకాణాల వ్యర్థాలు. తలలు, పేగులు, ఈకలు, రోగమొచ్చి చచ్చిన కోళ్లు. ఎండకు కుళ్లిన సరుకుతో డ్రమ్ములు రాత్రిపూట ఆటోల్లో దిగుతాయి. ఊరి ముక్కుకు తెలిసిపోతుంది. ఆఫీసు ముక్కుకు మాత్రం ఫిర్యాదు రాతపూర్వకంగా అందాలి.

అలాస్కాలో చేప తలకాయ పీతకు పెట్టొచ్చా లేదా అన్నదానికి అక్షరం అక్షరం తూచి రాశారు. ఇక్కడ చచ్చిన కోడిని చేపకు పెట్టి, ఆ చేపను మనిషికి పెట్టే గొలుసు మొత్తానికి కాపలా ఒక పాత ఉత్తర్వు. సంతలో తోలు ఒలిచి ముక్కలు చేస్తే క్యాట్‌ఫిష్ కాస్తా కొర్రమట్ట అయిపోతుందని కొనేవాళ్ల అనుమానం. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప. ఇంతటి గౌరవం దక్కాక నకిలీలు పుట్టకపోతే ఆ గౌరవానికే లోటు.

అడిగితే జవాబులకు కొదవ లేదు. సిబ్బంది లేరు. పడవ లేదు, ఉన్న పడవకు డీజిల్ లేదు. అవతలి ఒడ్డు మాది కాదు. వాళ్లూ మత్స్యకారులే, పొట్టకూటికి వచ్చినవాళ్లు. నీళ్లు పెరిగాక వాళ్లే వెళ్లిపోతారు. ఆఖరి జవాబు అన్నింటికన్నా నిజం. శ్రీశైలం నిండి 885 అడుగులకు చేరేసరికి గుడిసెలు వేసిన ఇసుక తిన్నెలన్నీ మునుగుతాయి, అలివి వేట దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ నెల నివేదికలో నిషేధం పకడ్బందీగా అమలవుతున్నదని రాసుకోవడానికి ఏ అడ్డమూ ఉండదు. ఎన్‌ఫోర్స్‌మెంటు బాధ్యత మొత్తం నైరుతి రుతుపవనాల మీద పడింది, పాపం వాటికి జీతం కూడా లేదు.

సోమశిలకూ అవతలి సిద్ధేశ్వరానికీ మధ్య కృష్ణ మీద తీగల వంతెన కడతామని కేంద్రం 2022లో సుమారు 1,082 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పైన వాహనాలు, కింద నడిచేవాళ్లకు అద్దాల దారి అని బొమ్మలు కూడా విడుదలయ్యాయి. అక్కడ రెండు రాష్ట్రాలను కలిపే మొదటి వంతెన అదేనని సోమశిల లాంచీలో కూర్చున్న పర్యాటకులు అనుకుంటుంటారు. లాంచీ నడిపేవాడు మాత్రం ఒకచోటికి రాగానే వేగం తగ్గించి పక్కకు తిప్పుతాడు. నీళ్ల మీద వరసగా తేలే బెండ్లు ఈ గట్టు నుంచి ఆ గట్టు వైపు సాగిపోతుంటాయి. అది ఎప్పుడు కట్టారని ఎవరైనా అడిగితే అతను తల తిప్పకుండానే, అది నిషేధం సార్ అంటాడు.