30 ఆంపియర్ల కాపురం

నా మీద మొదటి నింద ఒక చలి రాత్రి పడింది. హీటర్ వెచ్చగా ఊదుతోంది, నీళ్ల ట్యాంకు కాగుతోంది, మా లైన్‌మన్ నా తెర ముందు కూర్చుని ఆటలో ఎవరి కోటనో ముట్టడిస్తున్నాడు. స్నానం చేసి వచ్చిన వాళ్లావిడ హెయిర్ డ్రయ్యర్ మీట నొక్కింది. టప్పున బ్రేకర్ పడిపోయింది. దీపాలు మాత్రం ఆరలేదు. మా కాపురం బండి వెనక లాక్కెళ్లే ట్రైలర్ ఇంట్లో, అక్కడ దీపాలు 12 వోల్టుల బ్యాటరీ మీద బతుకుతాయి. ఆ వెలుతురులోనే ఆవిడ నన్ను వేలెత్తి చూపించింది: "అంతా నీ డబ్బా వల్లే!"

లెక్క చెప్తాను, తీర్పు మీరే చెప్పండి. అమెరికా ట్రైలర్ పార్కుల్లో మాలాంటి చిన్న బండ్లకు ఇచ్చే కనెక్షన్ 120 వోల్టులు, 30 ఆంపియర్లు. అంటే 3,600 వాట్లు. గంటల తరబడి వాడేటట్టయితే అందులోనూ ఐదో వంతు వదిలేసి 2,880 దగ్గర ఆగాలి. (మీ ఇళ్లలో 230 వోల్టులు, అదే పని దాదాపు సగం ఆంపియర్లతో అయిపోతుంది. అదృష్టవంతులు.) ఆ రాత్రి హీటర్ 1,500, నీళ్ల ట్యాంకు 1,440, డ్రయ్యర్ 1,875. ఆ మూడే 4,815. మరి నేను? ఆట మంచి పట్టు మీదున్నప్పుడు 450. నా ప్లగ్గు పీకి అవతల పారేసినా ఆ బ్రేకర్ పడేదే. కానీ అవి మూడూ అవసరాలు, నేనేమో సోకు. పంచాయితీ అక్కడే తేలిపోయింది.

నా పవర్ సప్లై మీద "750 వాట్లు" అని అతికించిన చీటీ కూడా నా కొంప ముంచింది. అది నేను రోజూ మింగేది కాదు, అవసరమైతే అంతవరకు ఇవ్వగలనని ఆ పెట్టె ఇచ్చిన మాట. అటక మీద గుండిగ ఉంది కదా అని ఇంట్లో ఉన్న ఇద్దరికీ రోజూ గుండిగెడు వండుతామా?

పుట్టుక సంగతి పెద్దగా ఏం లేదు. 2020 చివర్లో వంటింటి బల్ల మీద ఒక సాయంత్రం విడిభాగాలన్నీ కలిసి నేనయ్యాను. అప్పట్లో గ్రాఫిక్స్ కార్డు దొరకడమే గగనం. ఆటలాడేవాళ్లతో క్రిప్టో మైనింగ్ వాళ్లు పోటీ పడి ఎగరేసుకుపోయేవారు. నా 320 వాట్ల కార్డు కోసం మావాడు వారాల తరబడి తెల్లవారుజామున లేచి ధరలు చూసుకున్నాడు. అది చేతికొచ్చిన రోజు దాని అట్టపెట్టెను కూడా పారేయనివ్వలేదు. నెల తిరక్కుండా ఇల్లు అమ్మేసి, పని ఎక్కడుంటే అక్కడికి లాక్కెళ్లే ఈ ట్రైలర్‌లోకి కాపురం మార్చారు.

2021 ఆగస్టు 29న ఐడా తుఫాను లూసియానా తీరం దాటింది. పది లక్షలకు పైగా కనెక్షన్లు చీకట్లో పడ్డాయి. న్యూ ఓర్లీన్స్‌కు కరెంటు తెచ్చే ఎనిమిది పెద్ద లైన్లూ పోయాయి. మిసిసిపీ ఒడ్డున ఒక టవరు కూలి తీగలు నదిలో పడ్డాయి. మమ్మల్ని లాక్కుంటూ మావాడు అక్కడికి వెళ్లాడు. రోజుకు 16 గంటలు ఊళ్లకు దీపాలు పెట్టి వచ్చేవాడు. తన గూట్లో మాత్రం 1,800 వాట్ల జనరేటర్. అందులోంచే ఏసీ, ఫ్రిజ్జు, ఆఖరున నేను. ఏసీ కంప్రెసర్ లేచేటప్పుడు ఒక్క గుక్కలో మామూలుకు కొన్ని రెట్లు లాగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నేనూ ఊపు మీదుంటే జనరేటర్‌కు పొలమారేది.

అప్పుడు కూర్చుని నన్ను మచ్చిక చేశాడు. కార్డు తిండి 320 నుంచి 220 వాట్లకు దించాడు. సెకనుకు 60 ఫ్రేములు దాటొద్దని కట్టేశాడు. మొత్తం మీద 450 తినేదాన్ని 280కి వచ్చాను. తెర మీద తేడా ఆయన కంటికే ఆనలేదు. పైగా నేను తిన్న ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికొస్తుంది, ఆ వేడిని మళ్లీ ఏసీయే మోయాలి. నేను తగ్గితే ఏసీకీ ఊపిరాడింది. ఈ ముక్క ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

జనరేటర్ ఆపేశాక చవక ఇన్వర్టర్ ఒకటి తగిలించాడు. అది ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే కరెంటు. నాలాంటి పవర్ సప్లైలకు అది ముతక గింజల అన్నం. మూలిగాను. నాలుగో రోజుకు నునుపైన సైన్ వేవ్ ఇన్వర్టర్ తెచ్చాడు. నా మూలుగు విని ఆయన చేసిన చివరి ఖర్చు అదే.

మొదట్లో ఊరు మారే ప్రతిసారీ కార్డు ఊడదీసి, తువ్వాలు చుట్టి, ఆ పాత అట్టపెట్టెలో పెట్టి మంచం మీద పడుకోబెట్టేవాడు. తర్వాత తువ్వాలు మానేశాడు. తర్వాత ఊడదీయడమే మానేశాడు. కిలోకు పైగా బరువున్న కార్డు ఒక పక్క స్లాటుకు వేలాడుతుంటే, ట్రైలర్ ప్రతి గుంతలోనూ దాన్ని కిందికి గుంజేది. నేను ముందే చెప్పాను, నాకు తెలిసిన భాషలో. తెర ఒక్కోసారి నల్లబడేది. ఆయన దాన్ని కూడా కరెంటు ఖాతాలోనే రాశాడు.

2022లో స్టీమ్ డెక్ వచ్చింది. రెండు చేతుల్లో ఇమిడే ఆటల యంత్రం. దాని చిప్ తినేది మహా అయితే 15 వాట్లు. నా ఫ్యాన్లూ లైట్లూ కలిపితే అంత. దాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకునే ఆడుకోవడం మొదలుపెట్టాడు. పక్కన ఆవిడ డ్రయ్యర్ పెట్టుకుంది. బ్రేకర్ పడలేదు. "చూశావా?" అంది. కరెంటు హీటర్ బదులు ఆ రాత్రి గ్యాసు హీటర్ నడుస్తోందని నేనెలా చెప్పను?

ఒక వర్షాకాలపు ఆదివారం నన్ను విప్పి చూశాడు. కార్డు స్లాటులో కూర్చునే చోట వెంట్రుకంత చీలిక. చాలాసేపు వేలితో తడిమాడు. ఏమీ అనలేదు. కార్డు విడిభాగాల కింద అమ్ముడుపోయింది, అట్టపెట్టెతో సహా.

ఇప్పుడు నేను ట్రైలర్ పొట్టకింద సామాను అరలో ఉన్నాను. ఒక పక్క మురుగు గొట్టం, ఇంకో పక్క చక్రాల కింద పెట్టే చెక్కలు. 750 వాట్ల చీటీ ఇంకా ఊడలేదు. ఊరు మారినప్పుడల్లా ఈ తలుపు తెరుచుకుంటుంది, వెలుతురు వస్తుంది, చెయ్యి లోపలికి వస్తుంది. నా మీద చుట్టపెట్టిన 30 ఆంపియర్ల వైరు తీసుకుని తలుపు మూసేస్తాడు.